సూర్ టేకు పిస్తోలు

గులాం నబీ పోయి ఈ రంజానుకు మూడేళ్ళు నిండాయి. ఎరిగినవాళ్ళు ఆయన్ను తలచుకున్నప్పుడు ముందుగా చెప్పుకునేది ఆయన కుట్టుపని గురించి కాదు. ఎవరైనా తన ముందు పిస్తోలు బయటికి తీస్తే చటుక్కున గోడవైపు తిరిగి నిలబడే అలవాటు గురించి. అవతలివాడు బట్టలు మార్చుకుంటున్నట్టు తల వంచుకుని నిలబడి, "అయిందా?" అని అడిగి, అయిందంటేనే ఇటు తిరిగేవాడు.

పిస్తోలు ఒరలు కుట్టి బతికే మనిషికి అదేం అలవాటని నవ్వినవాళ్ళు చాలామంది. ఆ అలవాటు కడప నుంచి వచ్చింది. నబీ వాళ్ళ నాన్న జట్కా గుర్రాలకు జీనులు, కళ్ళాలు కుట్టేవాడు. జట్కాలు తగ్గిపోయాక పోలీసు లైన్ల దగ్గర బెల్టులూ రివాల్వరు ఒరలూ కుట్టడానికి దిగాడు. ఒకసారి ఒక ఇన్‌స్పెక్టరు కొలత కోసమని తన రివాల్వరు అంగట్లో వదిలి, బందోబస్తు పని మీద పోయి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ నబీ నాన్న దానికి వీపు పెట్టి కాపలాగా పీట వేసుకుని కూర్చున్నాడు. అన్నం అక్కడే, నమాజు అక్కడే. ఇన్‌స్పెక్టరు వచ్చి తీసుకుపోయాక కొడుకును పిలిచి ఒక్కమాట చెప్పాడు: "ఒర మనది. దాంట్లో ఉండేది మనది కాదు. చెయ్యి పడగూడదు, చూపు గూడా పడగూడదు."

నబీ ఎనభై ఆరులో మస్కట్ వచ్చి, హమ్రియాలో ఒక రొట్టెల అంగడి పక్కన ఇరుకు కొట్టులో పనికి కుదురుకున్నాడు. రోజూ ఉండే పని ఖంజర్ అనే వంకీ కత్తికి బెల్టులు, చెప్పులు, ఒంటెల పగ్గాలు. నెలకు రెండో మూడో పిస్తోలు ఒరలు వచ్చేవి. అవన్నీ అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోళ్ళే. లైసెన్సు ఉన్న పెద్దమనుషులు పొడుగాటి దిష్‌దాషా అంగీ కింద నడుముకు కట్టుకునేవాళ్ళు. కట్టుకున్నట్టు బయటికి తెలియకూడదు. నబీ పనితనమంతా అక్కడే ఉండేది.

ఎవరు వచ్చినా ముందు రుఖ్సా చూపించమనేవాడు. రుఖ్సా అంటే అక్కడ లైసెన్సు కాగితం. దాని నంబరు రాసుకోనిదే తోలు మీద కత్తి పెట్టడు. తరువాత బల్ల మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిలు పక్కన పెట్టి, తాను గోడవైపు తిరుగుతాడు. ఆసామీయే తన పిస్తోలు కాగితం మీద పెట్టుకుని చుట్టూ గీత గీసుకోవాలి. మందం దారంతో కొలిచి ముడి వేసి ఇవ్వాలి. ఆ గీతనూ ఆ ముడినీ పట్టుకుని నబీ కొయ్య పిస్తోలు చెక్కేవాడు. తడి తోలును ఆ కొయ్య మీద లాగి, ఎముక ముక్కతో రుద్ది రుద్ది, రెండు రోజులు ఆరబెడితే ఒర ఆ ఆకారానికి వస్తుంది. తడి తోలును అసలు పిస్తోలు మీద చుడితే తుప్పు పడుతుంది గనక కొయ్యది తప్పదు. మిగతా పనివాళ్ళు ఏదో ఒక మొద్దుతో సరిపెట్టేవాళ్ళు. నబీ అలా కాదు. కొయ్యను తొలిచి సీసం పోసేవాడు. ఆసామీ ఒక చేత్తో తన పిస్తోలు, ఇంకో చేత్తో కొయ్యది పట్టుకుని రెండూ ఒకే బరువని చెప్పేదాకా సీసం కలుపుతూనే ఉండేవాడు. బరువు సరిగా లేకపోతే ఒర నడుము మీద ఎలా జారుతుందో తెలియదు మరి. తోలుకు అంటుకోకుండా నల్ల బూటు పాలిష్ పట్టించేవాడు. చివరికి దాన్ని ఒరలో పెట్టి ఆసామీ నడుముకు కట్టి, నడవమని, కూర్చోమని, నమాజులో వంగినట్టు వంగమని చూసేవాడు. ఎక్కడా ఉబ్బు కనపడకపోతే అప్పుడే "సరే" అనేవాడు.

తొంభై నాలుగు మే నెలలో ఆ పనితనమే ఆయన మెడకు చుట్టుకుంది.

హమూద్ అనే పెద్దాయన నబీకి పాత ఆసామీ. సూర్ ఊరివాడు. వయసులో ఉన్నప్పుడు ఓడల మీద మలబారు దాకా వెళ్ళొచ్చాడు, తరువాత రూవీలో ఒక వర్తకుడి దగ్గర కాపలా పని చేసి మానుకున్నాడు. చిన్న పిస్తోలు ఒకటి ఆ రోజులనాటిది, పక్కా రుఖ్సా ఉంది. రెండు కళ్ళలోనూ పొరలు కమ్ముతున్నాయి గానీ ఒప్పుకోడు. ఆయనా నబీ మాట్లాడుకునే భాష సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులు.

కొత్త ఒర కావాలని వచ్చినప్పుడు సూర్ ఓడల యార్డు నుంచి ఒక టేకు ముక్క తెచ్చిచ్చాడు. "నాది చెక్కేటప్పుడు దీంతోనే చెక్కు. ఇది సముద్రంలో నలభై ఏళ్ళు నానినా పుచ్చలేదు" అన్నాడు. పాత ఒర కూడా బల్ల మీద పడేశాడు. నబీ దాన్ని తిరగేసి లోపల చూశాడు. ఒక చోట తోలు పచ్చగా మరకపడి ఉంది.

"బాబా, పిస్తోలు రాత్రిళ్ళు గూడా దీంట్లోనే పెడతాండారా?"

"మరెక్కడ పెట్టాలి?"

"బట్టలో చుట్టి పెట్టాల. తోలు తడి పీల్చుకుంటాది. ఆ తడి ఇనుమునూ ఇత్తడినీ తింటాది. ఇదో, లోపల చిలుము పట్టుండాది చూడండి."

"నబీ, నువ్వు తోలు చూసుకో. ఇరవై ఏళ్ళయింది, అది నన్ను ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు."

"కడసారి ఎప్పుడు కాల్చినారు బాబా?"

పెద్దాయన గడ్డం సవరించుకుని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున పదింటికి ఒర కోసం వచ్చాడు. అల్ హైల్‌లో తమ్ముడి కొడుకు పెళ్ళి. కొత్త దిష్‌దాషా, తలకు కశ్మీరు పాగా, ఒళ్ళంతా అత్తరు. కొయ్యది పెట్టి కట్టి చూశారు, ఒర ఒంటికి అతికినట్టు కూర్చుంది. నబీ కొయ్యదాన్ని తీసి బల్ల మీద గుడ్డపై పెట్టాడు. పెద్దాయన తన పిస్తోలు తీసి దాని పక్కనే పెట్టబోతున్నాడనగా నబీ గోడవైపు తిరిగిపోయాడు. బయట కారులో కుర్రకారు హారను మోగిస్తున్నారు.

"అయిందా బాబా?"

"అయింది, అయింది. వస్తున్నానని చెప్పు వాళ్ళకు!"

నబీ తిరిగి చూసేసరికి పెద్దాయన గడప దాటాడు. బల్ల మీద గుడ్డ మడత పడి ఉంది. దాని కింద నల్లగా ఒక్కటే ఉంది.

నబీ తొందరపడలేదు. ఆయన మనసంతా మరునాటి మీద ఉంది. శుక్రవారం బొంబాయి విమానంలో ఇక్బాలున్నీసా వస్తున్నది. ఎనిమిదేళ్ళలో రెండేళ్ళకొకసారి తనే కడప వెళ్ళి రావడం తప్ప, భార్య ఈ దేశం చూసింది లేదు. మూడు నెలల వీసా కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. అంగడి పై అంతస్తులో ఉండే ఆనందబాబు భార్య కృపాబాయి, నబీ గదికి కర్టెన్లు కట్టి, కొత్త పరుపు వేయించి పెట్టింది. అవన్నీ తలచుకుంటూ అంగడి ఊడ్చి, తోలు కుట్టే ఆరెలు డబ్బాలో సర్ది, చివరికి కొయ్య పిస్తోలును అరలో పెడదామని గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు.

చూపుడువేలికి చల్లగా తగిలింది.

కొయ్య అంత చల్లగా ఉండదు. ఏసీ గాలికి ఇనుము ఒక్కటే అంత చల్లబడుతుంది. నబీ వేలు కాలినట్టు లాక్కున్నాడు.

అంగడి బయటికి పరుగెత్తాడు. కారు ఎప్పుడో వెళ్ళిపోయింది. పక్క రొట్టెల అంగట్లోంచి పెద్దాయన ఇంటికి ఫోను చేస్తే, అందరూ పెళ్ళికి పోయారని ఎవరో పనిమనిషి చెప్పి పెట్టేసింది. నబీ షట్టరు కిందికి లాగి, తాళం వేసి, మెట్లెక్కి ఆనందబాబు తలుపు కొట్టాడు. ఆనందబాబుది నర్సాపురం. ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరు, గురువారం సెలవు.

విషయం విన్న ఆనందబాబు లుంగీ ఎగ్గట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. "ఆయ్, ఎంత పని చేశారండీ భాయ్‌గారూ! మీరు చెక్కడం కాస్త తక్కువ చక్కగా చెక్కుంటే ఏం పోయిందండి?"

"తమాషా చేసేదానికి యేళ కాదప్పా. పరదేశోని అంగట్లో తుపాకి ఉండాదంటే జైలే. ఆమె రేపు దిగేసరికి నేను లోపలుంటా."

"అయితే ఓ పని చేద్దావండి. నా బండి డిక్కీలో పెట్టండి. అల్ హైల్ ఎంతండి, అరగంట. ఆయన చేతిలో పెట్టేసి వచ్చేద్దాం."

"దారిలో పోలీసోళ్ళు ఆపితే? అప్పుడు నా మాదిరే నీ పిల్లోళ్ళు గూడా కష్టాల్లో పడతారు. దాన్ని నేను మొయ్యను, ఎవురితోనూ మోయించను."

"పోనీ వాగులో పారేద్దాం. కొయ్యదే ఆయన పిస్తోలనుకుని ఉండిపోతాడు మహానుభావుడు."

"ఆయన సొత్తును పారేసేదానికి నేనెవుర్ని?" అన్నాడు నబీ. "ఇంకోటి గూడా ఉండాది ఆనందప్పా. పెండ్లిలో తుపాకులు గాల్లోకి కాలుస్తారు. ఆయప్ప గూడా కాలుస్తానని లేస్తాడు. అంతమందిలో కొయ్య పిస్తోలు తీస్తే ఆ మనిషి మానం ఏం గావాల? నువ్వు ఒట్టి చేతుల్తో పో. సంగతి ఆయన చెవిలో చెప్పి పిల్చకరా. నేను దాని ముందర కూర్చుంటా."

"కూర్చుంటే ఏవవుద్దండి?"

"మా నాయన కూర్చున్నాడు."

పెళ్ళి ఇల్లు ఎక్కడో తెలియకుండానే ఆనందబాబు తన పాత డాట్సన్ తీశాడు. తుపాకుల చప్పుడు ఎటు వినపడితే అటు పోతానన్నాడు. నబీ స్టూలు తెచ్చుకుని, తాళం వేసిన షట్టరుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

ఒంటిగంటకు హమ్రియాలో అంగళ్ళన్నీ మూతపడ్డాయి. ఆ ఎండలో నాలుగింటి దాకా కుక్క కూడా బయట తిరగదు. నబీ ఒక్కడే కూర్చున్నాడు. చొక్కా తడిసింది, ఆరింది, మళ్ళీ తడిసింది. చూపుడువేలిని లుంగీకి తుడుచుకుంటూనే ఉన్నాడు. రెండున్నరకు ఒక పోలీసు జీపు వీధిలోకి వచ్చి, ఆయన్ను దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

దిగినవాడు కుర్రవాడు. హిందీ బాగా వచ్చు. "ఏం భాయ్, అందరూ నిద్రపోతుంటే నువ్వు ఎండలో ఎందుకు? అంగడి తాళం పోయిందా?"

పోయిందనడం తేలిక. ఏసీ చెడిందనడం ఇంకా తేలిక. ఆ రెండు మాటలూ నబీ నాలుక చివరిదాకా వచ్చాయి. అబద్ధమాడితే రేపు ఎయిర్‌పోర్టుకు వెళ్ళగలడేమో. కానీ అబద్ధమాడిన క్షణం నుంచి లోపల ఉన్నది తను దాచినదవుతుంది. ఇప్పటిదాకా అది మరిచిపోయిన వస్తువు మాత్రమే.

నబీ లేచి నిలబడి తాళంచెవి పోలీసు చేతిలో పెట్టాడు.

"సార్, లోపల బల్ల మీద పిస్తోలు ఉంది. నాది కాదు. నా దగ్గర రుఖ్సా లేదు. దాని ఆసామీ దగ్గర ఉంది. ఆయన పొరపాటున కొయ్యది తీసుకుపోయి ఇది వదిలిపోయాడు. మనిషిని పంపినాను. దాచలేదు, కదిలించలేదు. ఒక్క వేలు మాత్రం తగిలింది."

"ఏ వేలు?" అన్నాడు కుర్ర పోలీసు.

నబీ చూపుడువేలు చూపించాడు. పోలీసు ఆ వేలిని చూశాడు, నబీ మొహాన్ని చూశాడు. నవ్వలేదు. లోపలికి పోయి గుడ్డ ఎత్తి చూసి, అలాగే కప్పేశాడు. నబీ అరలోంచి హమూద్ గీసిన కాగితం తీసి ఇచ్చాడు. గీత, దాని మూలన రుఖ్సా నంబరు, కాగితానికి గుచ్చిన దారం ముడి. అవి చూశాక పోలీసు ఇంకో స్టూలు బయటికి లాగి నబీ పక్కనే కూర్చున్నాడు.

"ఆసామీ వచ్చేదాకా ఇద్దరం చూద్దాం. రాకపోతే నువ్వు నా వెంట రావాలి."

"వస్తా సార్."

"నీళ్ళు తాగావా?"

తాగలేదని అప్పుడే నబీకి గుర్తొచ్చింది. పోలీసు జీపులోంచి సీసా తెచ్చి ఇచ్చాడు.

నాలుగున్నరకు, అంగళ్ళు ఒక్కొక్కటే తెరుస్తుండగా, డాట్సన్ దుమ్ము రేపుకుంటూ వచ్చింది. హమూద్ దిగాడు. వెనకే ఆనందబాబు దిగి, పోలీసును చూసి, మళ్ళీ బండెక్కబోయి, సిగ్గుపడి దిగాడు.

పెద్దాయన దిష్‌దాషా జేబులోంచి రుఖ్సా తీసి పోలీసుకు ఇచ్చాడు. పోలీసు నంబరు కాగితంతో సరిచూసి తలూపాడు. "లోపల దాన్ని మీరే తీసి, ఖాళీ చేసి చూపించండి, వాలిద్. వీధి వైపు కాదు, రొట్టెల అంగడి ముందున్న ఆ ఇసుక బకెట్టు వైపు." తండ్రి వయసువాళ్ళను అక్కడ వాలిద్ అని పిలుస్తారు.

"చూపిస్తాను. ఇరవై ఏళ్ళలో ఇది నన్ను మోసం చెయ్యలేదు" అన్నాడు హమూద్.

నబీ అలవాటుగా గోడవైపు తిరిగాడు. అందుకే ఆ తరువాత జరిగింది ఆయన చెవులతోనే చూశాడు. ముందు టక్కుమని మ్యాగజైను ఊడిన చప్పుడు. తరువాత పెద్దాయన పై భాగాన్ని వెనక్కి లాగుతున్న మూలుగు. మళ్ళీ మూలుగు. మూడోసారి ఆయాసం. ఆ పైన పోలీసు గొంతు, "ఇటివ్వండి." ఇనుము కీచుమంది. బకెట్టు ఇసుకలో ఏదో మెత్తగా పడింది.

"భాయ్, ఇటు తిరుగు. నువ్వు చూడాల్సింది ఇదే" అన్నాడు పోలీసు.

ఇసుక మీద ఒక తూటా. ఇత్తడి రంగు ఎక్కడా లేదు. ఒళ్ళంతా పచ్చగా చిలుము పేరుకుని ఉంది.

"గొట్టంలో అతుక్కుపోయింది. పెళ్ళిలో ఇది పేలి ఉంటే తూటా ముందుకు పోయేదో, ఇనుము వెనక్కి వచ్చేదో నేను చెప్పలేను. మీ చుట్టూ ఎంతమంది నిలబడి ఉన్నారు, వాలిద్?"

హమూద్ నబీ స్టూలు మీద కూర్చున్నాడు. ముందుకు వంగి, పొరలు కమ్మిన కళ్ళను ఆ తూటాకు దగ్గరగా తెచ్చాడు. "పిల్లలు" అన్నాడు. "నా చుట్టూ పిల్లలున్నారు."

ఆనందబాబు ముందుకొచ్చి నబీ భుజం మీద చెయ్యేశాడు. "భాయ్‌గారూ, అక్కడేవయ్యిందో చెప్పమంటారా? నేను వెళ్ళేసరికి కుర్రాళ్ళు తుపాకులు పేల్చేశారండి. ఇంక పెద్దాయన వంతని అందరూ గోల. ఈయన నడుం మీద చెయ్యేశాడు. నాకు హిందీ అంతంతమాత్రం, అరబ్బీ రాదు. కొయ్యను లక్డీ అంటారని మాత్రం తెలుసు. గొంతు చించుకుని 'బాబా, లక్డీ! లక్డీ!' అని అరిచానండి. అందరూ నాకు పిచ్చనుకున్నారు. ఈయనొక్కడే ఆగాడు. నన్ను నీళ్ళ ట్యాంకరు వెనక్కి తీసుకెళ్ళి, బయటికి తీసి, గోరుతో గోకి చూశాడండి. పాలిష్ లేచొచ్చింది."

హమూద్ ఒరలోంచి కొయ్యది తీసి చూపించాడు. గోరు గీసిన చోట టేకు ఎర్రగా కనపడుతున్నది.

"రెండిట్లో నమ్మకమైంది ఇదేనండి బాబూ" అన్నాడు ఆనందబాబు. నబీ భయం భయంగానే దాన్ని హిందీలో చెప్పాడు. ముందు పోలీసు నవ్వాడు. తరువాత పెద్దాయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. నబీ నవ్వలేకపోయాడు. గోడకు చేరగిలబడ్డాడు.

పోలీసు పిస్తోలును తనతో తీసుకుపోయాడు, శనివారం హమూద్‌ను స్టేషనుకు రమ్మన్నాడు. జీపెక్కుతూ నబీతో అన్నాడు: "రేపు కూడా ఎండలో కూర్చోకు."

"రేపు నా భార్య వస్తాది సార్."

"అయితే వేలు కడుక్కో."

మరునాడు ఎయిర్‌పోర్టుకు డాట్సన్ వెళ్ళలేదు. హమూద్ తన పెద్ద కారు, దాన్ని తోలే మేనల్లుణ్ణి తీసుకుని అడగకుండానే వచ్చాడు. పిస్తోలు ఇక వద్దని, శనివారం రుఖ్సా కూడా తిరిగి ఇచ్చేస్తానని దారిలో చెప్పాడు. కళ్ళు కనపడనివాడికి ఎందుకన్నాడు. కళ్ళ సంగతి ఆయన ఒప్పుకోవడం నబీ వినడం అదే మొదలు.

సీబ్ ఎయిర్‌పోర్టులో, ప్రయాణికులు బయటికి వచ్చే తలుపు పక్కన నిలబడ్డారు. పెద్దాయన నడుము పట్టీ ఒకసారి సవరించుకున్నాడు. నబీకి అనుమానం వచ్చింది.

"బాబా, నడుముకు ఏం కట్టినారు?"

"ఇంకేముంది? సూర్ టేకు. నాది నేను కట్టుకున్నాను. దీనికి రుఖ్సా అక్కర్లేదుగా."

"ఎయిర్‌పోర్టు బాబా! తీసి కార్లో పెట్టండి, మీకు పుణ్యముంటాది!"

"కొయ్యేగా. చూడు" అంటూ పెద్దాయన అంగీ కిందికి చెయ్యి పోనిచ్చాడు.

ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. అది కొయ్య అని నబీకి తెలుసు, చెక్కింది తనే. అయినా ఒళ్ళు మాట వినలేదు. చటుక్కున తిరిగి, గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా తల వంచుకుని నిలబడ్డాడు.

"అయిందా బాబా?"

జవాబిచ్చింది హమూద్ కాదు, ఇంకో గొంతు. నబీ వెనక ట్రాలీ చక్రాలు ఆగాయి. నల్ల బురఖా, చేతిలో పచ్చడి జాడీ ఉన్న గుడ్డసంచీ, మొహం నిండా ప్రయాణపు బడలిక.

"క్యా జీ," అంది ఇక్బాలున్నీసా, "మై ఇత్తి దూర్ సే ఆయి, తుమే దీవార్ కూ దేఖ్‌తే ఖడే?"

సముద్రం దాటి తను వస్తే గోడను చూస్తూ నిలబడ్డాడని ఆమె బతికినన్నాళ్ళూ చెప్పింది. ఆ మాట వచ్చినప్పుడల్లా నబీ తన చూపుడువేలు పైకెత్తి చూపించేవాడు. ఆమె ఆ వేలు పట్టుకుని కిందికి దించేది.